పాములు నిద్రపోయే కాలం

మా ఊరు చాండ్లర్‌లో వాన పడితే ఎడారి పొదలు ఘాటుగా వాసనేస్తాయి. ఆ వాసనకి నాకిప్పటికీ లేయా మీద కుళ్ళు పుడుతుంది.

మూడో క్లాసులో నా పక్క సీటు లేయాది. ఆ ఎడారిలో తరతరాలుగా ఉంటున్న ఓధమ్ ఆదివాసుల పిల్ల. చలికాలంలో వాళ్ళ నానమ్మ మా క్లాసుకొచ్చి కయోటీ నక్క కథలు చెప్పింది. లేయా ఆవిడ మోకాలికి ఆనుకుని కూర్చుంటే నాకు కడుపు మండిపోయింది. ఇంటికెళ్ళి అమ్మని కథ చెప్పమన్నాను.

"మా అమ్మమ్మ బోలెడు చెప్పేదే. నాకొక్కటీ గుర్తులేదు. కార్టూన్ డీవీడీ పెట్టనా?" అంది.

ఎండలు ముదిరాక నానమ్మ కథలు ఆపేసింది. పాములు మేలుకున్నాక చెబితే కాటేస్తాయట. నేను నమ్మలేదు. ఇంట్లో లేయా ఒక్కదానికే చెబుతోందని నా అనుమానం. అది తేల్చుకోవడానికే, ఒక వానరోజు ఆడుకునే నెపంతో వాళ్ళింటికెళ్ళాను.

వరండాలో లేయా బతిమాలుతోంది. "ఒక్కటే నానమ్మా, చిన్నది!"

"పాములు పడుకోనీ, చెబుతాను," అందావిడ, బీన్స్ ఏరుతూ.

దీనికీ లేదన్నమాట! నా కడుపు చల్లబడింది. ఎగురుకుంటూ ఇంటికొచ్చాను.

లేయాకి మళ్ళీ చలికాలం వస్తుందనీ, మా ఇంట్లో మాత్రం ఏ కాలమొచ్చినా కథ రాదనీ అప్పుడు తట్టలేదు.