కాలక్రమేణా

ధనియాలు కొనేటప్పుడు నాలుగు గింజలు అరచేతిలో వేసుకుని, బొటనవేలితో నలిపి వాసన చూడటం నాకు అలవాటు. మొన్న ఆదివారం పటాన్‌చెరు సంతలో అలాగే నలిపాను. ఆ ఘాటు ముక్కుకు తగలగానే వసుంధర మేడం గుర్తొచ్చారు, వెంటనే ఒళ్లు మండిపోయింది. కోపం ఆమె మీద కాదు. భుజానికి వేలాడుతున్న నా బ్యాగులో ఒక నివేదిక ఉంది. కాజీపల్లిలో నేను పనిచేసే మందుల కంపెనీ తన చుట్టుపక్కల బోరు నీళ్ల గురించి రాసుకున్న నివేదిక అది. నీళ్ల పరీక్షలు చేసేది నేనే కాబట్టి నా సంతకం లేనిదే అది పైకి వెళ్లదు. శుక్రవారం నా చేతికొచ్చింది. అందులోని ఒక వాక్యం దగ్గర ఆగిపోయి, సంతకం పెట్టకుండా ఇంటికి తెచ్చుకున్నాను. ఎందుకు ఆగానో చెప్పాలంటే మేడం సంగతి చెప్పాలి.

మాది పటాన్‌చెరు దగ్గరి లక్డారం. మా నాయిన ఆకుకూరలు పండించేవాడు. మేడం పదో తరగతిలో మాకు ఇంగ్లీషు చెప్పారు. ఆమె తండ్రి గోదావరి వైపు నుంచి ఇక్కడి సర్కారు ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి స్థిరపడ్డాడట. మేడం ఆ ఫ్యాక్టరీ క్వార్టర్ల నుంచి బస్సులో బడికి వచ్చేవారు. 'కూర్చోండర్రా' అని ఆమె అంటే వెనక బెంచీల వాళ్లు మూతులు తిప్పుతూ అదే మాట అనేవారు. ఆమెకు గైడ్లంటే ఒళ్లుమంట. సొంత వాక్యం రాయమనేవారు. 'మీ వాక్యంలో మీ ఊరు కనబడాలి' అనేవారు.

ఒకరోజు బోర్డు మీద 'గో టు సీడ్' అనే జాతీయం రాశారు. మొక్క గింజకు పోవడం అని మాటకు మాట అర్థం. క్రమంగా దిగజారిపోవడం అని వాడుక. దాన్ని వాక్యంలో ఉపయోగించమన్నారు. నేను ఇలా రాశాను: 'ఈ ఏడు మా కొత్తిమీర గింజకు పోలేదు. మా నాయిన అన్నం తింటలేడు.' నాకు తెలిసిన ఇంగ్లీషులో కష్టపడి రాసిన వాక్యం అది. మేడం దాని మీద ఎర్ర గీత కొట్టి, 'అర్థం తలకిందులు చేశావు. గింజకు పోవడమే కదా పాడైపోవడం?' అన్నారు. క్లాసంతా నవ్వింది. నేను లేచి, 'మా ఇంట్ల గట్ల కాదు మేడం, గింజ పడకుంటేనే పాడైనట్టు' అన్నాను. ఆమె నన్ను కూర్చోమనలేదు, తిట్టనూ లేదు. ఆలోచనలో పడ్డారు.

ఆ శనివారం మధ్యాహ్నం బడి వదిలాక నాతో పాటు మా చేనుకు వచ్చారు. నాయిన ప్రతి ఏడూ ఒక మడిలో కొత్తిమీర కోయకుండా విత్తనానికి వదిలేవాడు. ఆ ధనియాలనే మరుసటి పంటకు చెప్పు కింద నలిపి, బద్దలు చేసి చల్లేవాడు. మేడం ఎండిన పూగుత్తిని నలిపి చూస్తే చేతిలో పొట్టు తప్ప ఏమీ మిగల్లేదు.

'పూత మంచిగనే వచ్చింది మేడం, గింజే పడలే. నా పుట్టుక నుంచి గిట్ల సూడలే' అన్నాడు నాయిన.

'నీళ్లు ఎక్కడివండీ?'

'గీ బాయివే. వానలు పడంగనే మందుల ఫ్యాక్టరీలోళ్లు పాడు నీళ్లు ఇడుస్తరు. అవి వాగుల కలిసి ఇటే వస్తయి. తెల్లారి సూస్తే బాయిల నురుగు.'

సోమవారం ఆమె నా నోటుపుస్తకం అందరికీ చూపించి, తను కొట్టిన గీతను తానే కొట్టేశారు. 'పరీక్షలో పుస్తకంలో ఉన్నదే రాయండి, లేకపోతే మార్కులు పోతాయి. కానీ ఈ పిల్ల రాసింది తప్పు కాదు. తప్పు నాది' అన్నారు. టీచరు నోట తప్పు నాది అన్న మాట నేను వినడం అదే మొదలు. తర్వాత బోర్డు వైపు తిరిగి, 'దిగజారింది, క్షీణించింది, పాడైపోయింది. ఈ మాటల్లో చేసినవాడు కనబడడు. దానంతటదే పాడైతే ఇవి వాడండి. ఎవరైనా పాడుచేస్తే ఆ ఎవరో రాయండి' అన్నారు. 'మా తాత కన్ను పాడైంది మేడం, ఎవలని రాయాలె?' అని ఒకడు లేచాడు. 'ముసలితనం నాయనా. దాన్ని ఎవరూ నిలదీయలేరు' అని ఆమె కూడా మాతో పాటు నవ్వారు.

కొన్నాళ్లకు ఆ ఫ్యాక్టరీల్లో ఒకదాని వాళ్లు మా బడికి నీళ్ల ఫిల్టరు ఇస్తామన్నారు. హెడ్‌మాస్టరు కృతజ్ఞతలు రాసి నన్ను చదవమన్నారు. 'కాలక్రమేణా మా ఊరి నీళ్లు పాడైపోయినందున' అని మొదలైంది. స్టాఫ్‌రూములో నేను చదివి చూపిస్తుంటే మేడం అడ్డుపడ్డారు.

'కాలం పాడుచేసిందా సార్ నీళ్లని? కాలానికి పొగగొట్టం ఉందా?'

'మేడం, జెర ఆగుండ్రి. పిల్లలకు మంచినీళ్లు వస్తున్నయి. ఒక్క ముక్క కోసం లొల్లి ఎందుకు?' అన్నారు హెడ్‌మాస్టరు.

మేడం నా చేతిలోంచి కాగితం తీసుకున్నారు. 'నువ్వు చదవకు. రేపు నీ టీసీకి సార్ సంతకం కావాలి. నేను చదువుతాను' అన్నారు. ఫిల్టరు ఇచ్చే రోజు ఫ్యాక్టరీ వాళ్ల ముందే చదివారు. ఒక్క వాక్యమే మార్చారు: 'మా ఊరి నీళ్లు పాడైపోలేదు, పాడుచేశారు. పాడుచేసినవాళ్లే ఇస్తున్న ఈ ఫిల్టరును పిల్లల కోసం తీసుకుంటున్నాం.' అతిథులు టీ కూడా ముట్టకుండా లేచారు. ఇంకా రిబ్బను కత్తిరించని ఫిల్టరును వచ్చిన వ్యానులోనే ఎక్కించుకుని పోయారు.

ఊరంతా మేడం మీద పడింది. మా అమ్మ కూడా, 'గామె క్వార్టర్ల నల్లా ఉన్నది. మనకున్నదా? నోటికాడి నీళ్లు గుంజింది' అని శాపనార్థాలు పెట్టింది. పసిపిల్లల నీళ్లు వ్యానులో ఎత్తుకుపోయినవాళ్లను మాత్రం ఒక్కరూ ఒక్క మాట అనలేదు. ఇన్నేళ్లయినా నాకు కడుపు రగిలేది అక్కడే. నిజం చెప్పిన మనిషి దొరికితే చాలు, చేసినవాణ్ణి వదిలేసి ఆమెను కొరుక్కు తింటాం.

అమ్మ మాట మేడంతో చెప్పేశాను. 'మీ అమ్మ అడిగింది న్యాయమే' అన్నారు ఆమె. మర్నాటి నుంచి రెండు చేతుల్లో రెండు క్యాన్ల నీళ్లు పట్టుకుని బస్సు దిగేవారు. క్లాసుకంతా తలా అరగ్లాసు కూడా వచ్చేది కాదు. పరీక్షలు అయ్యేదాకా మోశారు.

మేడం పోయి రెండేళ్లయింది. ముసలితనంతో పోయారు, దాన్ని నిలదీయలేను. మా నాయిన మాత్రం ఆ ఏడు నుంచి బతికున్నంత కాలం ధనియాలు సంతలో కొనే చల్లాడు.

నా బ్యాగులోని నివేదికలో ఉన్న వాక్యం ఇది: 'కాలక్రమేణా ఈ ప్రాంత భూగర్భ జలాల నాణ్యత క్షీణించింది.' శుక్రవారం మా మేనేజరు, 'ఒక్క లైనే కదమ్మా, సంతకం పెట్టు, జల్దీ పంపాలె' అన్నాడు. ఆదివారం సంత నుంచి వచ్చి ఎర్ర పెన్నుతో ఆ లైను కొట్టేశాను. పాడుచేశారు అని రాయబోయి ఆగాను. ఎవరు? నేను పరీక్ష చేసిన నీళ్లే, మా కంపెనీ వ్యర్థాలు వదిలే, నాకు తెలిసిన గొట్టమే. నా బిడ్డ ఫీజు కట్టేది ఈ కంపెనీ జీతంతోనే. అయినా రాయవలసిన మాటే రాశాను. సోమవారం పొద్దున ఆ కాగితం మేనేజరు ముందు పెట్టాను. 'ఈ నీళ్లను మేము పాడుచేశాము.' కింద నా సంతకం ఉంది.

అతను రెండుసార్లు చదివి తలెత్తాడు. 'ఏందమ్మా గిది? మేమంటే ఎవలు?'

'నేను గూడ ఉన్న సార్, అండ్ల' అన్నాను.