ఆరున్నరకు ఆగిన మగ్గం

మా ఎదురింటి అవ్వ పోయింది. పోయిన మంగళవారం పొద్దున కోడలు టీ తెచ్చి లేపితే లేవలేదు. ఎనభై దాటిన మనిషి, నిద్రలోనే దాటిపోయింది, సుఖమైన చావు అని ఎమ్మిగనూరులో మా వీధంతా అనుకుంది. ఆమె బతికుండగా నేను నలుగురిలో చెప్పాల్సిన నిజం ఒకటుంది. ఆరేళ్ళు నోరు విప్పలేదు.

మాది మగ్గాల వీధి. ఇప్పుడు ఎనిమిదో తొమ్మిదో మిగిలాయి. అవ్వ తన అరుగు మీద రాట్నం ముందేసుకుని నేతకు దారపు కండెలు చుట్టేది. చూపు సగం పోయింది గాని చెవులు మాత్రం పాము చెవులు. ఏ ఇంటి మగ్గం ఆడుతోందో, ఏది ఆగిందో, ఎందుకాగిందో కూర్చున్న చోటి నుంచే చెప్పేది. "పోగు తెగింది, ముడేస్తాండాడు" అనేది. "వీనికి బీడీ యాళ అయింది సూడు" అనేది. మా నాన్న మగ్గం దెబ్బ మెత్తగా ఉంటుందని, అది వింటూ ఉంటే తన పని సాగినట్టే తెలియదని పొగిడేది. "నా మగ్గానికి దిష్టి పెడ్తాండావవ్వా" అని నాన్న లోపలి నుంచే నవ్వేవాడు.

ఆరేళ్ళ కింద ఒక ఎండాకాలం పొద్దున ఆ మగ్గం ఆగింది. నేను వెనక వంటింట్లో ఉన్నాను, నాకు తెలియనే లేదు. కాసేపటికి టీ ఇద్దామని వెళ్తే నాన్న మగ్గం గుంటలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే కుడివైపుకు ఒరిగిపోయి ఉన్నాడు. మూతి వంకర పోయింది. నన్ను పిలవబోతే మాటకు బదులు చొంగ కారింది.

పక్షవాతమని చూడగానే తెలిసింది. మా వైపు పక్షవాతమంటే చాలామందికి ముందు గుర్తొచ్చేది ఆసుపత్రి కాదు, పసరు. ఆలూరు వైపు ఒక పల్లెలో ముక్కులో ఆకుపసరు పోస్తారు. పోయించుకుని లేచి నడిచినవాళ్ళ గురించి అందరూ చెబుతారు, లేవనివాళ్ళ గురించి ఎవరూ చెప్పరు. పసరుకు పోదామన్నది మా అమ్మ. సరేనన్నది నేను. బడిలో పిల్లలకు సైన్సు పాఠాలు చెప్పే టీచరమ్మను నేను. ఆటోలో నాన్న తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది అవ్వ. ఆమె కూడా వద్దనలేదు.

ఎమ్మిగనూరు నుంచి ఆదోని మీదుగానే ఆలూరు వైపు పోయాం. ఆదోనిలో ఆసుపత్రి ముందు నుంచే పోయాం. అప్పటికి ఇంకా ఎనిమిదిన్నర కూడా కాలేదు. గేటు బార్లా తెరిచి ఉంది. ఆ గేటు నాకు ఇప్పటికీ కళ్ళ ముందు ఆడుతూనే ఉంటుంది.

పసరు పోస్తే నాన్నకు పొలమారింది. ఊపిరాడక కళ్ళు తేలేశాడు. అప్పుడు భయమేసి ఆటోను వెనక్కి తిప్పించాం. మళ్ళీ ఆ గేటు దగ్గరకు వచ్చేసరికి పన్నెండు కావస్తోంది.

తలకు స్కానింగ్ తీశారు. అమ్మ నాన్న దగ్గరే ఉండిపోయింది. డాక్టరు బల్ల ముందు నేనూ అవ్వా నిలబడ్డాం. మెదడుకు రక్తం పోయే దారిలో గడ్డ అడ్డం పడిందని, దాన్ని కరిగించే సూది ఉందని, అయితే మొదలైన నాలుగున్నర గంటల లోపలే వేయాలని డాక్టరు చెప్పాడు. తర్వాత అడిగాడు: "మనిషి బాగుండగా చివరిసారి ఎన్నింటికి చూశారు?"

"పదికి సార్," అన్నాను.

పసరుకు పోయామంటే తిడతాడని సగం, ఆలస్యమైందంటే సూది వేయడని సగం. ఏమీ ఆలోచించలేదు. నోటికి వచ్చింది, అనేశాను.

"లేదప్పా, పది కాదు," అంది అవ్వ. "ఆదోని బస్సు హారను కొట్టుకుంటా పోయె సూడు, ఆరున్నర బస్సు, అప్పుడే మగ్గం నిల్సిపోయింది. పోగు తెగిందేమోలే అనుకుంటి. సానాసేపు ఆడలేదు. అప్పుడే లేసి పోయి సూడాల్సింది నేను."

డాక్టరు నా వైపు చూశాడు. నేను తల వంచుకున్నాను. "దాటిపోయిందమ్మా. ఇప్పుడు వేస్తే తలలో రక్తం కారొచ్చు," అని చెప్పి వేరే మందులు రాశాడు.

మూడో రోజు నాన్నను భుజం ఎత్తమన్నాడు, వేళ్ళు తెరవమన్నాడు. నాన్న పళ్ళు బిగించాడు, నుదుటి మీద చెమట పట్టింది, ఒక్క వేలూ తెరుచుకోలేదు. కాలు వస్తుందని, మూడు నెలల్లో కర్ర పట్టుకుని నడుస్తాడని డాక్టరు చెప్పాడు. మూడు రోజులకు కూడా వేళ్ళలో కదలిక లేదు కాబట్టి చెయ్యి మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దన్నాడు. "మగ్గం నేస్తాడా సారూ?" అని అమ్మ అడిగింది. "కష్టమమ్మా," అన్నాడు. ఆయన చెప్పింది చెప్పినట్టే జరిగింది. నాన్న నడుస్తాడు. మాట ముద్దగా వస్తుంది. కుడిచెయ్యి పక్కన వేలాడుతూ ఉంటుంది. మగ్గం గుంట మీద పలక పరిచి బియ్యం మూట పెట్టుకున్నాం.

సూది ఎందుకు వేయలేదని అమ్మ అడిగినప్పుడు, అవ్వ టైము చెప్పి ఆపించిందన్నాను. నా 'పది' సంగతి చెప్పలేదు. అమ్మ ఆ రోజు నుంచి అవ్వ గడప తొక్కలేదు. "ముసలిది నోరు మూసుకోనుంటే నా మొగుని చెయ్యి వచ్చుండు" అని వీధిలో వినపడేలా తిట్టేది. అవ్వ రాట్నం ఆపేది కాదు, తిరిగి ఒక్క మాట అనేది కాదు. నేను అబద్ధం చెప్పానని ఏనాడూ ఎవరి దగ్గరా అనలేదు.

ఆ ఏడే అవ్వ కొడుకుతో పెద్ద అంకెల గడియారం ఒకటి తెప్పించి, అరుగు గోడకు వీధి వైపు కొట్టించుకుంది. ఏ మగ్గమైనా మామూలు కంటే ఎక్కువసేపు ఆగితే అక్కడి నుంచే కేకేసేది: "ఏమప్పా, నిలిపినావే?" లోపలి నుంచి "టీ తాగుతాండానవ్వా" అని వినపడేదాకా వదిలేది కాదు. జనం విసుక్కునేవాళ్ళు.

రెండేళ్ళు తిరిగాక మా ఇంటికి మూడో ఇంట్లో నేసే ఆయన మగ్గం అలాగే ఆగింది. అవ్వ కేకకు జవాబు రాలేదు. రాట్నం తోసేసి, గోడలు పట్టుకుంటూ ఆ ఇంటికి పోయి అందరినీ పిలిచింది. "ఏడుంబావు, గుర్తు పెట్టుకోండి. పసరు కాడికి పోవద్దండి, మేము పోయి సెడితిమి. నేరుగా ఆదోనికి పోండి" అని ఆటో కదిలేదాకా చెబుతూనే ఉంది. తననూ కలుపుకుని 'మేము' అంది, మమ్మల్ని వేరు చేసి అనలేదు. ఆయనకు వేళకు సూది పడింది. కొన్నాళ్ళకు మళ్ళీ మగ్గంలో కూర్చున్నాడు. నేను సంతోషించాల్సింది. ఆ మగ్గం చప్పుడు వినపడితే నాకు ఒళ్ళు మండేది. అమ్మ తలుపేసుకునేది.

అప్పుడే ఒకసారి నాన్నను చూపించడానికి ఆదోని తీసుకుపోతే, అదే డాక్టరు అవ్వను గుర్తుపెట్టుకుని అడిగాడు. "ఆవిడ చెప్పకపోతే మీ మాట నమ్మి సూది వేసేవాణ్ణి. మనిషి దక్కేవాడో లేదో. బాగుపడేవాడేమో కూడా, నేను చెప్పలేను. కానీ అంతసేపయ్యాక అది వేయదగిన సూది కాదమ్మా," అన్నాడు.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పలేదు. చెబితే అవ్వ తప్పు లేదని తేలుతుంది. అప్పుడు మిగిలేది పసరు, ఆ గేటు ముందు ఆగకుండా పోయిన ఆటో. పోదామన్నది అమ్మ, సరేనన్నది నేను. నాన్న చెయ్యి పోగొట్టింది మనమేనని అమ్మ మొహం మీద చెప్పే ధైర్యం లేకపోయింది. నింద ఎదురింట్లో ఉంటే మా ఇంట్లో అన్నం దిగేది. సిగ్గు లేకుండా రాస్తున్నాను, ఉన్న మాట ఇదే.

ఒకరోజు బడి నుంచి వస్తూ అవ్వ అరుగు ముందు ఆగాను. అంతా చెప్పేద్దామనే ఆగాను. తీరా నోరు తెరిస్తే, "టైమెంతవ్వా?" అని వచ్చింది. నా చేతికి గడియారం ఉంది. దాన్ని ఆమె చూసింది కూడా.

"నాలుగూ పది, పాపా," అంది. "మీ నాయనకు మాత్ర యాళ."

మా ఇంటి మాత్రల వేళ కూడా ఆమె చూసుకుంటోందని అప్పుడు తెలిసింది. ఆ తర్వాత రోజూ అడిగేదాన్ని, రోజూ చెప్పేది. అంతకు మించి మా ఇద్దరి మధ్య మాట లేదు. మా అరుగు మీద కూర్చున్న నాన్నకూ ఆ గడియారమే అలవాటైంది. ముల్లు మాత్ర వేళకు రాగానే ఎడమచెయ్యి ఎత్తి ఎదురుగోడ చూపించేవాడు.

మంగళవారం వీధిలో మగ్గాలన్నీ ఆపేశారు. అవ్వ కూతురు పత్తికొండ నుంచి రావాలని శవాన్ని సాయంత్రం దాకా అరుగు మీదే ఉంచారు. పంచాంగం చూసే పెద్దాయన వచ్చి, ఎన్నింటికి పోయిందని అడిగాడు. రాత్రి ఎవరూ చూడలేదన్నారు ఇంట్లోవాళ్ళు. ఆయన వేళ్ళు లెక్కపెట్టి, తెల్లవారుజామున నాలుగు లోపలైతే ఇంటికి మంచిదన్నాడు.

"నువ్వు ఎదురింట్లోనే ఉండావు కదమ్మా," అన్నారెవరో. "మూడున్నరప్పుడు దగ్గింది, ఆమీన సప్పుడు లేదు అంటే సరిపాయె."

అందరూ నా వైపు తిరిగారు. అనేస్తే ఎవరికీ నష్టం లేదు. నేను అవ్వ మొహం చూశాను.

"నిన్న సాయంత్రం ఏడుకు కండెల బుట్ట లోపల పెడుతుంటే చూశాను. అప్పుడు బాగుంది. ఆ తర్వాత నాకు తెలీదు," అన్నాను. ఏ వేళకు ఎవరి మగ్గం ఆగిందో చెప్పిన మనిషి ఎప్పుడు ఆగిపోయిందో మాలో ఒక్కరమూ చెప్పలేకపోయాం. అక్కడ ఏడుపు ఆపుకోలేకపోయాను.

ఇంటికి వచ్చి, నాన్న పక్కన కూర్చున్న అమ్మకు అంతా చెప్పాను. 'పది' అన్నది నేనని, అవ్వ సరిదిద్దిందని, డాక్టరు తర్వాత ఏమన్నాడో, ఇన్నేళ్ళుగా ఎందుకు దాచానో. నాన్న వింటూనే ఉన్నాడు. అమ్మ పలక పరిచిన మగ్గం గుంట వైపు చూస్తూ కూర్చుంది.

నాలుగూ పదికి నాన్న ఎడమచెయ్యి ఎత్తి ఎదురుగోడ చూపించాడు. అమ్మ లేచి మాత్ర వేసి, నీళ్ళు తాగించి, మూతి తుడిచింది. తర్వాత వీధి దాటి, ఆరేళ్ళకు ఆ అరుగెక్కి, గడియారం కింద అవ్వ తలవైపు కూర్చుంది.

నాతో ఇంతవరకూ మాట్లాడలేదు.