కాలు ఆపొద్దక్కా!

మాది ఎమ్మిగనూరు. ఇంట్లో గుంట మగ్గం మీద, కాళ్లు గుంటలోకి దించి పలకలు తొక్కుతూ, ఇరవై ఏళ్లుగా చీరలు నేస్తున్నాను. రెండేళ్ల కిందట మా పాపను ఆదోనిలో డ్రమ్ముల క్లాసులో చేర్పించడానికి పోయి, పాపతోపాటు నేనూ చేరిపోయాను. కాంగా అనే పొడవాటి డ్రమ్ముల మీద, కర్రల్లేకుండా ఉత్త చేతులతో, క్యూబా దేశపు లాటిన్ తాళాలు నేర్పుతారక్కడ.

నా చిక్కంతా కాలితోనే. డ్రమ్ము మీద చెయ్యి పడిందంటే చాలు, మగ్గం తొక్కినట్టు కుడికాలు దానంతటదే నేలను తొక్కేది.

"అక్కా, చేతులు మాత్రమే ఆడాల. కాలు ఊరికే పెట్టుకో" అని బాషా సార్ ప్రతి ఆదివారం కసిరేవారు. పిల్లలు కిసుక్కున నవ్వేవారు.

మొన్న క్లాసు వార్షికోత్సవంలో పన్నెండు మందిమి చెక్క స్టేజీ ఎక్కాం. తాళం తప్పకుండా ఉండాలని స్పీకర్లో టక్ టక్‌మని ఒక చప్పుడు పెట్టారు. సగంలో కరెంటు పోయింది. ఆ చప్పుడు ఆగగానే పిల్లల చేతులు తలో దారి పట్టాయి. జనంలో ఈలలు మొదలయ్యాయి. మా పాప ఏడుపు ముఖంతో నావైపు చూసింది.

నేను చెప్పు విడిచేసి, మగ్గం తొక్కినట్టే చెక్కల మీద తొక్కడం మొదలుపెట్టాను. ధన్... ధన్...

"ఆపొద్దక్కా! తొక్కు, ఇంగా గట్టిగా తొక్కు!" కింద నుంచి బాషా సార్ అరిచారు.

ఒక్కొక్కరే నా కాలి చప్పుడును అందుకున్నారు. పన్నెండు డ్రమ్ములూ ఒక్కటిగా మోగాయి. కరెంటు వచ్చినా స్పీకర్ జోలికి ఎవరూ పోలేదు.

ఇప్పుడు కొత్త పిల్లలను సార్ నా పక్కనే కూర్చోబెడుతున్నారు. "యాడ చూస్తాండావు? అక్క కాలు చూడప్పా!" అంటారు.

ఇరవై ఏళ్లు మగ్గం గుంటలో ఎవరికీ కనపడకుండా పనిచేసిన కాలు అది.