మంచి కాలికి కట్టిన బుర్ర

నాగర్‌కర్నూల్‌లో వికలాంగుల ఆటల పోటీలంటే ఏటా అవే. క్యారం, పాటలు, కుర్చీలాట. కాళ్లు సరిగా లేనివాళ్లను కుర్చీల చుట్టూ పరుగెత్తించాలన్న తెలివి ఎవరిదో గాని, వాళ్లకో దండం. తొంభైలలో నేను అక్కడ గుమాస్తాగా చేరిన కొత్తలో, పోటీలు జరిపే అధికారిని అడిగాను, ఈత కూడా పెట్టమని. ఆయన నా మొహం కంటే ముందు నా ఎడమ కాలు చూశాడు.

"నీళ్లతోని పరాచికమా అమ్మా?" అన్నాడు.

ఒళ్లు మండింది. నేను పన్నెండేళ్లకే ఈత నేర్చినదాన్ని.

ఉప్పునుంతల దగ్గర మా చేనులో మెట్లబావి ఉండేది. ఎండాకాలం సెలవుల్లో పిల్లలంతా అందులోనే. వీపుకు ఎండిన సొరకాయ బుర్ర కట్టుకుని దూకడం, నాలుగు రోజులకు అది విప్పేసి ఈదడం. పోలియోతో ఎడమ కాలు సన్నబడ్డ నేను గట్టు మీద వాళ్ల బట్టలకు కాపలా. ఆ కాపలా అంటే నాకు పరమ అసహ్యం.

ఆ ఏడు రెండు పూటలు అన్నం మానేసి సాధించాను. "నడుసుడే కష్టమైతుంటె దానికి ఈతెందుకురా?" అని నాయనమ్మ మా చిన్నాయన మీద విరుచుకుపడింది. అయినా ఆయన నన్ను దించాడు. వీపుకు ఒక బుర్ర కట్టాడు, ప్రేమ కొద్దీ పోలియో కాలికి ఇంకొకటి కట్టాడు. గట్టు మీదివాళ్లంతా అదే సరైందన్నారు. చెయ్యి వదలగానే కుడి పక్కకు ఒరిగి, కడుపు నిండా నీళ్లు తాగాను. రెండో రోజూ అంతే.

నాయనమ్మ తేల్చి చెప్పింది. "రేపొక్కనాడే. రేపు గిన మునిగిందంటె, మల్ల బాయి దిక్కు తోలేది లేదు."

మూడో రోజు అందరికంటే ముందు మెట్లు దిగాను. మెడ లోతు నీళ్లలో మెట్టు రాయి పట్టుకుని కూర్చుని, కాళ్లు రెండూ వదిలేశాను. ఎడమ కాలు దానంతటదే పైకి తేలింది. కుడి కాలు బండలా కిందికి వేలాడింది. నన్ను ముంచుతున్నది అదేనన్నమాట. ఊరంతా జాలిపడే కాలికి నీళ్లలో ఎవరి జాలీ అక్కర్లేదు.

చిన్నాయన బుర్రలు తెచ్చాడు. కుడి కాలు చాపాను.

"గీ కాలికి కట్టు చిన్నాయనా."

"సక్కగున్న కాలికి కడ్తరా ఎవలన్న? తిక్కనా నీకు?"

"మునిగేది గిదే. కట్టు."

"నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు," అంటూనే కట్టాడు.

భయం వెయ్యలేదంటే అబద్ధం. ఈసారి మునిగితే బతుకంతా బట్టల కాపలాయే. వదిలాడు. ఒరగలేదు. చేతులు ఆడించాను, బావి గోడ దగ్గరికొచ్చింది. ఇంకో గోడ దాకా పోయి తిరిగొచ్చాను. నాయనమ్మ గట్టు మీద నుంచి "సాలు, ఇగ రా!" అని అరుస్తుంటే ఇంకో రెండు చుట్లు కొట్టాను. అంత గర్వం నాకు పదో తరగతి పాసైనప్పుడు కూడా కలగలేదు.

ఆ వారంలో చుట్టుపక్కల ఊళ్లకు సంగతి పాకింది. పోలియో పిల్ల బావి ఈదుతుందని చూడ్డానికి జనం రాసాగారు. కొందరు నోరు తెరిచారు. కొందరు "పాపం" అన్నారు. వాళ్ల మీదికి నీళ్లు చిమ్మాను.

ఒక మధ్యాహ్నం పక్క ఊరి నుంచి ఒకామె వచ్చింది. పదేళ్ల కొడుకును చంకనెత్తుకుని, ఎండలో నడిచొచ్చింది. వాడికి రెండు కాళ్లూ పోలియోయే. ఆమె చెమట తుడుచుకుని, నన్ను పెద్ద డాక్టరమ్మనడిగినట్టు అడిగింది.

"మావోనికి ఏ కాలికి కట్టాలె బిడ్డా?"

చిన్నాయన ఏదో చెప్పబోయాడు. నేను అడ్డుపడ్డాను.

"నాకేం తెలుస్తది? వాన్నే అడుగు."

ఆమె బిత్తరపోయి కొడుకు వైపు మొహం తిప్పింది. అలాంటి ప్రశ్న వాణ్ని ఎవరూ ఎప్పుడూ అడిగినట్టు లేదు. వాడు బావిలోకి చూశాడు, నన్ను చూశాడు.

"ముందుగాల నన్ను కిందికి దించు అమ్మా," అన్నాడు.