పురుగులన్న బస్సు

రోడ్డు పక్కన ఏది చచ్చిపడున్నా మా డ్రైవరన్న బస్సాపేస్తాడు. ఎలుక, పిట్ట, ఉడుత, ఏదైనా సరే. దిగి గొంతుక్కూర్చుని దాని కిందికి తొంగిచూస్తాడు. మిల్లు మలుపులోనైతే ఆపని రోజే లేదు. జనం ఆయనకు పురుగులన్న అని పేరు పెట్టారు. తిట్లు తినేది మాత్రం కండక్టరునైన నేను.

"టైమవుతోందయ్యా! ఆయనకేమైనా పిచ్చా?"

"పిచ్చి కాదండీ, పురుగులు" అనేవాణ్ణి తల పట్టుకుని.

ఒకరోజు ఒళ్లు మండి నేనూ దిగాను. "అన్నా, వస్తావా, బస్సు నన్నే తోలుకుపొమ్మంటావా?"

"తోలుదువుగానిలే, ముందు ఇది చూడు."

చచ్చిన ఎలుక కదులుతోంది! వంగి చూశాను. కింద నారింజ పట్టీల నల్లపురుగులు రెండు, మట్టి తోడి దాన్ని లోపలికి దించుతున్నాయి.

"వీళ్లు కాటికాపరులు. ఆలుమగలు. దీన్ని పాతిపెట్టి, పిల్లలు పుట్టాక నోటికి అందిస్తారు."

ఇంకొకటి తోకెత్తి పరిగెత్తింది. "వీడు పొట్టిచొక్కా. పైపెంకు సగం ఒంటికే. పొడుగు రెక్కలు దానికింద మడతపెట్టుకుంటాడు. వీడి చుట్టాలు వేలవేల రకాలు! కొందరు చీమల పుట్టలో చేరి చీమల చేతే తినిపించుకుంటారు."

"ఇల్లరికపుటల్లుళ్లన్నమాట!" అన్నానేగాని తెరిచిన నోరు మూతపడలేదు. ముక్కు మూసుకుని దాటిపోయే చోట ఇంత సంసారమా! ఔరా అనుకున్నాను.

ఫిర్యాదులు ఊరికే పోతాయా? ఒక ఉదయం చెకింగ్ ఆఫీసరు బస్సెక్కాడు. "స్టాపు కానిచోట ఆపితే ఉద్యోగం ఊడుతుంది" అన్నాడు.

"అన్నా, నీకు దండం పెడతా, ఈ ఒక్కపూట ఆపకు" అన్నాను. తలూపాడు. మిల్లు మలుపు రాగానే బ్రేకేశాడు!

పరిగెత్తుకెళ్లి చూస్తే అక్కడ ఎలుకా లేదు, పిట్టా లేదు. తెగిన పాత చెప్పొకటి. అన్న దాని ముందు మహా శ్రద్ధగా కూర్చున్నాడు.

"చెప్పులో పురుగేంటన్నా?"

"ష్! అటు చూడు. చూసినట్టు కనపడకు."

సందులోంచి చంకకర్రతో, రోజూ ఇక్కడే మా బస్సెక్కే కుట్టుపని అక్క వస్తోంది. స్టాపుదాకా నడవడం ఆమె వల్ల కాదు.

"తన కోసం ఆపితే సిగ్గుతో చచ్చిపోతుంది. పురుగుల కోసమైతే ఎక్కుతుంది" అన్నాడు మెల్లగా.

వెనక ఆఫీసరు నిలబడున్నాడు! నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆయన చెప్పును చూశాడు, మెట్టు మీద కర్ర ఆనించిన అక్కను చూశాడు. మెల్లగా అన్న పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"బాగా వెతుకు. ఆవిడ కూర్చునేదాకా తొందరేం లేదు."

అన్న చెప్పు తిరగేశాడు. కిందనుంచి తోకెత్తుకుని పొట్టిచొక్కా ఒకటి తుర్రుమంది.

"అరె, నిజంగానే ఉందే!" అన్నాడు ఆఫీసరు, కళ్లింత చేసుకుని.

బస్సులోంచి ఎవరో అరిచారు. "ఆయనకూ పిచ్చి పట్టిందా?"

"పిచ్చి కాదండీ, పురుగులు!" అన్నాడు ఆఫీసరు, తలెత్తకుండానే.