వదిన పేరు మీద కార్డు

తప్పు చేసింది నేనే. మొదట్లోనే చెప్పేస్తే మీరు తిట్టాల్సినవేవో ఇక్కడే తిట్టేసి, మిగతాది ప్రశాంతంగా చదువుకుంటారు. చవక విమానాల కంపెనీవాళ్ళ క్రెడిట్ కార్డు ఫారంలో 'ఇంట్లోవాళ్ళకి అదనపు కార్డు కావాలా' అని ఒక గడి ఉంది. దాని పక్కనే 'వద్దు' అనే బటన్ కూడా ఉంది. ఆకుపచ్చ రంగులో, గుడ్డివాడికి కూడా కనిపించేంత పెద్దది. అది నొక్కకుండా, మా అత్త పనిగదిలో కిటికీ పక్కన కూర్చుని ఉండే ఒక షాపు బొమ్మ పేరు రాశాను. నవ్వొస్తుందనుకున్నాను. వచ్చింది కూడా, ఓ పది రోజులు.

ఇది అత్త కథ. అందుకని నేను పక్కకి తప్పుకుంటాను. మధ్యమధ్యలో 'మేనల్లుడు' అని ఒకడు వస్తుంటాడు. వాణ్ణి పెద్దగా పట్టించుకోకండి. ఇంట్లో కూడా ఎవరూ పట్టించుకోరు.

అత్తది బొమ్మలు బాగుచేసే పని. బట్టల షాపుల్లో అద్దాల వెనక చీకూచింతా లేకుండా నిలబడే నిలువెత్తు బొమ్మలున్నాయే, అవి. విరిగిన మణికట్లు, పెచ్చులూడిన బుగ్గలు, ఎవడో బండి తగిలించి లోపలికి నొక్కేసిన ముక్కులు, అన్నీ ఆవిడ దగ్గరికే వస్తాయి. పుట్టీ పెడుతుంది. ఆరాక ఉప్పుకాగితంతో గంటలకొద్దీ రుద్దుతుంది. ఒంటి రంగు కలిపి పూస్తుంది. అన్నిటికన్నా చివర కళ్ళు గీస్తుంది. కళ్ళు గీసేదాకా బొమ్మని 'ఇది' అంటుంది. గీసిన మరుక్షణం నుంచి 'ఈవిడ' అంటుంది.

రెండో అంతస్తులో ఒకే గది. పగలంతా వెలుతురు. మూలన తలలు, అలమరలో చేతులు, తలుపు వెనక జతలు జతలుగా కాళ్ళు. ఆ గదిలో మేకులూ డబ్బాలూ ఉండవు, ఏం పెట్టుకోవాలన్నా చేతులే. గోడకి బిగించిన ఒక చెయ్యి తాళాలు పట్టుకుంటుంది. బల్ల మీద బోర్లా పడుకున్న ఇంకో చెయ్యి బ్రష్షులు పట్టుకుంటుంది. ఈరోజు తప్పకుండా చెయ్యాల్సిన పని తాలూకు కాగితం మాత్రం వదిన కుడిచేతి వేళ్ళ మధ్య ఉంటుంది.

వదినంటే ఆ కిటికీ పక్క బొమ్మే. పదకొండేళ్ళ కిందట ఒక షాపువాళ్ళు బాగుచెయ్యమని ఇచ్చి, ఆ నెల్లోనే దుకాణం మూసేసి ఎటో పోయారు. ఎడమచేతికి చిటికెన వేలు లేదు. కళ్ళు పూర్తిగా అరిగిపోయి నున్నగా ఉంటాయి. డబ్బిచ్చేవాళ్ళు లేరు కాబట్టి అత్త వేలూ పెట్టలేదు, కళ్ళూ గీయలేదు. అయినా 'ఇది' అనలేదు. ఇల్లు సర్దడం మీకు రాదు అన్నట్టు తల కాస్త పక్కకి వంచి కూర్చునే ఆ తీరు చూసి, మొదటి రోజే 'వదిన' అని పేరు పెట్టేసింది.

ఇంతకీ కార్డు గొడవ పెద్దత్త వల్ల వచ్చింది. పెద్దత్త అంటే అత్తకి అక్క. సముద్రం అవతల ఒక దీవిలో ఉంటుంది. బొమ్మలకి కళ్ళు గీయడం అత్తకి నేర్పింది ఆవిడే. అలాంటి మనిషికి కంటి లోపలి పొర ఎండిపోతోందని డాక్టర్ చెప్పాడు. మధ్య చూపు ముందు పోతుంది, అంచుల చూపు తర్వాత పోతుంది, మహా అయితే ఐదు నెలలు అన్నాడు. ఒకరోజు ఫోన్ చేసింది.

"పద్నాలుగేళ్ళయిందే నిన్ను చూసి. ఎలా ముసలిదానివయ్యావో ఒకసారి చూసుకుంటాను. ఆ తర్వాత పోతే పోనీ."

"వీడియోలో చూడొచ్చుగా అక్కా."

"వీడియోలో నువ్వొక మచ్చలా ఉంటావు. మచ్చని చూడ్డానికి కళ్ళెందుకు?"

ఓడలో పోవడానికి మూడు రోజులు, తిరుగు ఓడ కోసం పది రోజులు. షాపులన్నీ అద్దాల వెనక బొమ్మలు మార్చుకునే కాలంలో అన్ని రోజులు గది మూస్తే ఉన్న నాలుగు షాపులూ చెయ్యి జారిపోతాయి. విమానం టికెట్ ధర చూస్తే కళ్ళు తిరిగాయి. అప్పుడు మేనల్లుడు ఫోన్ తెరిచి ఆ కార్డు చూపించాడు.

"ఊరికే టికెట్ ఎవడిస్తాడ్రా?"

"ఊరికే కాదత్తా. తొంభై రోజుల్లో అరవై వేలు ఖర్చు పెట్టాలి. అప్పుడు బోనస్ పాయింట్లిస్తారు. వాటితో పెద్దత్త దగ్గరికి పోయి రావచ్చు."

"అరవై వేలు పెట్టి ఏం కొనాలి?"

"ఏదైనా."

"ఏదైనా కొనేవాళ్ళని చూస్తే నాకు భయంరా."

అయినా ఒక ఉప్పుకాగితం తిరగేసి, నడిమధ్యన గీత గీసింది. ఎడమవైపు 'ఎలాగూ పెట్టేవి' అని రాసింది. గది అద్దె, కరెంటు, రెజిన్ జిగురు, రంగులు, రాబోయే నెలలకి కూడా ముందే కొంటే నలభై ఒక్క వేలయ్యాయి. కుడివైపు 'టికెట్ కోసం పెట్టేవి' అని రాసి, పెన్ను నోట్లో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఆవిడకి కావలసిన వస్తువు ఒక్కటీ గుర్తు రాలేదు.

"ఇదేంట్రా, ఏడాది రుసుము. సరే. పెట్టెకి వేరే డబ్బులు. పోనీ. సీటుకి కూడానా? మరి టికెట్ దేనికి, నిలబడ్డానికా?"

"నిలబెట్టే విమానం కూడా వస్తుందంట అత్తా, ఇంకా చవకలో."

"నిన్ను రెక్క మీద కట్టేసే విమానం వస్తే చెప్పు, నేనే కొనిపెడతా."

రెండు రోజులు తూచింది. అటు పంతొమ్మిది వేల పనికిమాలిన ఖర్చు, ఇటు అక్క కళ్ళు. మూడో రోజు పొద్దున్నే ఆ ఉప్పుకాగితాన్ని వదిన వేళ్ళ మధ్య పెట్టింది. పెట్టిందంటే ఇక చేసి తీరాల్సిందే. మేనల్లుడు ఫారం నింపాడు. ఎలా నింపాడో మీకు తెలుసు.

కార్డులు రెండొచ్చాయి. రెండోదాని మీద పొంగిన అక్షరాలతో 'వదిన' అని ఉంది.

"ఆ గడి ఖాళీగా వదిలితే ఒప్పుకోవట్లేదత్తా" అన్నాడు మేనల్లుడు. చక్కగా అబద్ధమాడాడు.

అత్త కంపెనీకి ఫోన్ చేసింది. అదనపు కార్డు రద్దు చేస్తే బోనస్ మొత్తం రద్దవుతుందండీ అన్నారు. అందులో రెండో టికెట్ కూడా ఉందని, రెండు పేర్ల మీదా కలిపే ఇస్తామని కూడా చెప్పారు. అత్త వాడి వైపు ఒక చూపు చూసి, కార్డు తీసుకెళ్ళి దాని సొంతదారు చేతిలో పెట్టింది.

యాభయ్యో రోజున కొరియర్ మనిషి వచ్చాడు.

"వదిన గారున్నారా అండీ?"

"ఉంది" అనేసింది అత్త, పనిలో పడి అలవాటుగా. సంతకం పెట్టాక గాని ఏమన్నదో తెలియలేదు.

చిన్న పెట్టె. లోపల దూదిలో ఒక వేలు. ఎడమ చిటికెన వేలు. పట్టుకెళ్ళి వదిన చేతికి ఆనించి చూసింది. పుట్టీ అక్కర్లేకుండా టక్కున కూర్చుంది. కూర్చోవడం కాదు ఆవిణ్ణి భయపెట్టింది. రంగు. వదిన ఒంటి రంగులో గోధుమ పాలు కాస్త ఎక్కువ. పదకొండేళ్ళ కిందట మోచేతి దగ్గర అతుకు వేసేటప్పుడు ఒక్కసారి కలిపి, బాలేదని మళ్ళీ ఎప్పుడూ కలపని రంగు. వేలికి అదే రంగు ఉంది.

మేనల్లుణ్ణి పిలిపించింది.

"నీ పనేనా?"

"నీ మీద ఒట్టు అత్తా. నాకేం తెలీదు."

"నువ్వు కాదని తెలుసు. ఆ రంగు నీకు పదేళ్ళు నేర్పినా రాదు."

"మరెందుకు అడిగావు?"

"నువ్వే అయితే బావుండునని."

వాడు వాచీ చూసుకుని ఏదో పనుందని వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి పైకి రావడం మానేసి, కింద రోడ్డు మీద నిలబడి ఫోన్‌లో మాట్లాడేవాడు.

తర్వాత నడవడానికి బూట్లొచ్చాయి. వదిన కాళ్ళకి సరిపోయాయి. ఉన్ని శాలువా వచ్చింది. ఎనభయ్యో రోజున ప్రయాణాల చక్రాల పెట్టె ఒకటి వచ్చింది. అత్త టేపు తీసుకుని కొలిచింది. పొడవు, వెడల్పు, లోతు, మూడూ విమానంవాళ్ళు విడిగా డబ్బు అడగని కొలతలే. చక్రాలు చప్పుడు చెయ్యకుండా తిరిగాయి. అన్నీ వదిన కార్డు మీద కొన్నవే. కార్డు మాత్రం వేళ్ళ మధ్య పెట్టింది పెట్టినట్టే ఉంది, పైన సన్నగా తెల్లటి పొడి. ఉప్పుకాగితంతో రుద్దితే లేచే పొడి.

అత్త మళ్ళీ కంపెనీకి ఫోన్ చేసింది. ఈసారి ఒక అమ్మాయి ఎత్తింది.

"ఈ కొన్నవన్నీ నేను కొనలేదమ్మా."

"అదనపు కార్డుదారు కొన్నారండీ. మీ వదిన గారు. మంగళవారం పదకొండింటికి మేమే ఫోన్ చేసి అడిగాం కూడా."

మంగళవారం పదకొండింటికి అత్త ఊరికి ఆ చివర ఒక షాపులో, నిచ్చెన మీద నిలబడి, బొమ్మకి భుజం బిగిస్తోంది. గదికి తాళం వేసి ఉంది.

"ఏం మాట్లాడింది?"

"ఎక్కువ మాట్లాడలేదండీ. 'అవును' అన్నారు. వెనకాల ఏదో గరగరా రుద్దుతున్న చప్పుడు వినిపించింది. పనిలో ఉన్నారేమో అనుకున్నాను."

అత్త వదిన చేతిలోని కార్డు వైపు చూసింది.

"మీరు కొన్నవి కావంటే చెప్పండి మేడమ్. ఇప్పుడే రెండు కార్డులూ ఆపేస్తాను. ఆ డబ్బు మీరు కట్టక్కర్లేదు. కాకపోతే బోనస్ రాదు."

గదిలో తలలన్నీ ఎటు తిరిగి ఉన్నవి అటే ఉన్నాయి. కిటికీలోంచి ఎండ వదిన ఒళ్ళో పడుతోంది. ఒక్క మాట చాలు. ఆ మాటతో ఈ భయమంతా వదిలిపోతుంది. అక్క కూడా చీకట్లోకి వెళ్ళిపోతుంది, చెల్లెలు ఎలా ముసలిదైందో తెలియకుండా.

"లైన్లో ఉన్నారా మేడమ్?"

"మావే" అంది అత్త. "మా ఇంట్లోవే. నేనే మర్చిపోయాను."

ఫోన్ పెట్టేసి బీరువాలో దాచిన డబ్బు తీసింది. కట్టాల్సింది కట్టింది. లెక్క చూస్తే అరవై వేలకి ఇంకా నాలుగు వందలు తక్కువ. ఎనభై ఎనిమిదో రోజు. ఏదో ఒకటి కొనేద్దామని బయల్దేరబోతుంటే కొరియర్ మనిషి మెట్లెక్కి వచ్చాడు.

"వదిన గారికండీ."

పొడుగాటి, సన్నటి కవరు. అందులో ఒక బ్రష్షు. సున్నా నంబరుది. కళ్ళు గీయడానికి తప్ప ఇంకెందుకూ పనికిరానిది. ధర నాలుగు వందల ఇరవై.

అత్త ఆ బ్రష్షు కొనని వేలితో నిమిరి చూసింది. తర్వాత స్టూలు లాక్కుని వదినకి ఎదురుగా కూర్చుంది.

"పదకొండేళ్ళు ఆగావు" అంది మెల్లగా. "నోరు తెరిచి అడగొచ్చుగా."

ముందు కుడి కన్ను గీయి, అది నిన్ను చూశాక ఎడమది గీయి. పెద్దత్త నేర్పిన పాఠం అదొక్కటే. అత్త కుడి కన్ను గీసింది. ఆగింది. మామూలుగా ఒక నిమిషం పడుతుంది, రంగు ఆరి మెరుపు రావడానికి. ఈసారి బ్రష్షు ఎత్తేలోపే ఆ కన్ను మెరిసి అత్తని చూసింది. ఎడమది కూడా గీసి, బ్రష్షు కడిగి, తాళం వేసి ఇంటికెళ్ళింది.

బోనస్ వచ్చింది. రెండు టికెట్లు, పక్కపక్క సీట్లు. ఆ వారంలోనే బయల్దేరింది. వదిన గదిలోనే ఉంది, శాలువా కప్పుకుని, బూట్లు తొడుక్కుని. కొత్త పెట్టె మాత్రం అత్త తీసుకెళ్ళింది. డబ్బు కట్టింది తనే కదా మరి.

విమానం గుమ్మం దగ్గర అమ్మాయి కాగితం మీద రెండు టిక్కులు పెట్టి, "ఇద్దరూ వచ్చేశారు" అని తనలో తను అనుకుంది. అత్త సరిదిద్దకుండానే లోపలికి నడిచింది. కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంది. విమానం లేచేముందు చూస్తే దాని బెల్టు పెట్టి ఉంది. దారి పొడుగునా అత్త అటు తల తిప్పలేదు. తిప్పకపోయినా పుట్టీపొడీ రంగూ కలిసిన వాసన, తన గది వాసన, పక్కనుంచి వస్తూనే ఉంది.

పెద్దత్త అవతల గేటు దగ్గర నిలబడి ఉంది. మధ్య చూపు అప్పటికే పోయింది. ఎవర్నయినా చూడాలంటే మొహం పక్కకి తిప్పి, కంటి అంచుతో చూడాలి. అలాగే తిప్పి, చెల్లెలి గడ్డం పట్టుకుని, దగ్గరికి లాక్కుని, నుదురూ బుగ్గలూ కళ్ళ కింద గీతలూ ఒక్కొక్కటిగా చూసుకుంది.

"బానే ముసలిదానివయ్యావు. నేననుకున్నట్టే."

"నీ నోరు మాత్రం ముసలిదవలేదక్కా."

పెద్దత్త నవ్వుతూ మొహం ఇంకాస్త పక్కకి తిప్పింది. నవ్వు ఆగింది.

"ఆవిడెవరే, నీ పక్కన?"

అత్త పెట్టె పిడి గట్టిగా పట్టుకుంది. పక్కకి చూడలేదు.

"వదిన."

"ఎవరి వదిన?"

"తెలీదక్కా. నాతోనే ఉంటుంది."

పెద్దత్త ఇంకాసేపు అటే చూసింది. "కళ్ళు బావున్నాయి. నేను నేర్పినట్టే ఉన్నాయి" అంది.

ఐదు రోజులుండి అత్త తిరిగొచ్చింది. పెద్దత్త చూపు మరుసటి నెల పూర్తిగా పోయింది. చూడాల్సింది చూసేశానని ఫోన్‌లో చెప్పిందట, బెంగేం లేకుండా.

ఇక మళ్ళీ నేను రాక తప్పదు. నిన్న నా అద్దె గది తలుపు కింద ఒక కవరు పడి ఉంది. పైన 'వదిన' అని పేరు, కింద నా అడ్రసు. లోపల ఆ కార్డు తాలూకు ఈ నెల బిల్లు. అది పట్టుకుని చాలా రోజుల తర్వాత అత్త గది మెట్లెక్కాను. కిటికీ వైపు చూడకుండా మొత్తం ఒప్పేసుకున్నాను. గడి గురించి, ఆకుపచ్చ బటన్ గురించి, నవ్వొస్తుందనుకోవడం గురించి.

"నిజం చెప్పత్తా. ఇదంతా నన్ను ఏడిపించడానికి నువ్వే చేశావు కదా?"

అత్త ఒక బొమ్మ ముక్కుని రుద్దుతోంది. తల కూడా ఎత్తలేదు.

"నేనే అయితే బిల్లు నీ అడ్రసుకి మొదటి నెలే పంపించేదాన్నిరా. ఆవిడ మర్యాదస్తురాలు. నువ్వే వచ్చి చెప్తావేమోనని ఇన్నాళ్ళు ఆగింది."