కోడలు బతికించిన మనుషులు

లైబ్రరీ వెనక గదిలో ఆదివారం మధ్యాహ్నాలు పాత మూకీ సినిమాలు వేస్తారు. సినిమాకి మాట రావడానికి ముందు, ఆ చివరి ఏళ్లలో తీసినవి. అప్పటికి వాటిని తీసేవాళ్లకు చెయ్యి బాగా తిరిగింది. పెదవి విప్పకుండా కళ్లతోనే కాపురాలు నడిపించేవారు. తప్పనిసరైన చోట మాత్రం తెరమీద నాలుగు అక్షరాలు పడతాయి. చదువురాని అత్తగారికి వాటిని చదివి చెప్పడం కోడలి పని.

కోడలు దర్జీ. మెట్ల కింద ఇరుకు కొట్టులో వారమంతా మిషను తొక్కుతుంది. భర్త బస్సు డ్రైవరు, ఆదివారం కూడా డ్యూటీయే. అత్తగారు ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికి ఉతికి రిటైరైంది. ఇద్దరూ ఒకే గొడుగు కింద సినిమాకు నడిచేవారు. కోడలి ఒక భుజం ఎప్పుడూ తడిసేది.

మొదటి సినిమాలో ఒక తల్లి కొడుకును చూడకుండానే కన్నుమూసింది. కోడలు అక్షరం పొల్లుపోకుండా చదివింది. అత్తగారు వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ రాత్రి, మర్నాడు కూడా ముద్ద ముట్టలేదు. కోడలి ప్రాణం ఉసూరుమంది. ఆనాటి నుంచి తెరమీద ఎవర్నీ చావనివ్వలేదు. జబ్బుపడ్డవాళ్లు లేచి కూర్చున్నారు, మునిగినవాళ్లు ఒడ్డెక్కారు.

"మరి అందరూ నల్లబట్టలేసుకుని ఏడుస్తున్నారేమే?" అని అత్తగారు ఓసారి అడిగింది.

"సంతోషం పట్టలేక, అత్తయ్యా. ఆ కాలం సినిమాలో ఏ బట్టైనా నల్లగానే కనబడుతుంది."

వెనక కూర్చున్న బేకరీ ఆయన ముందుకు వంగి, "నేను మాడ్చిన రొట్టెల్ని కూడా కాస్త బతికించు తల్లీ" అని గొణిగేవాడు. నవ్వేవాడే గాని, ఎన్నడూ గుట్టు బయటపెట్టలేదు.

కోడల్ని బాధపెట్టింది ఒక్కటే. అత్తగారు పడుకోబోయే ముందు దణ్ణం పెట్టుకుంటూ సినిమాల్లో బతికి బయటపడ్డ వాళ్లందర్నీ తలుచుకునేది. "ఆ లైట్‌హౌస్ అతన్ని సముద్రంలోంచి గట్టెక్కించావు స్వామీ, ఆ ఇల్లు చల్లగా చూడు" అనేది. తన అబద్ధం దేవుడి దాకా వెళ్తోందని కోడలు దుప్పటి ముసుగులో ముడుచుకుపోయేది.

ఇంతలో లైబ్రరీలో పెద్దవాళ్లకు చదువు మొదలైంది. అత్తగారు అందరికంటే ముందు పలక పట్టింది. ఒత్తులు కూడా వచ్చాక ప్రకటించింది: "ఈ ఆదివారం నువ్వు నోరు మూసుకో. నేనే చదువుతా."

కోడలు పరుగున లైబ్రరీ ఆయన దగ్గరికి వెళ్లింది. "ఏదైనా నవ్వుల సినిమా వెయ్యండి, మీకు పుణ్యముంటుంది."

"కుదరదమ్మా. లైట్‌హౌస్ సినిమాయే కావాలని మీ అత్తగారు పట్టుబట్టారు. మంచిగా ముగిసిందటగా?"

ఇక తన మాట అత్తగారు ఏ విషయంలోనూ నమ్మదని కోడలికి భయం పట్టుకుంది. ఆదివారం దారిలో చెప్పేద్దామనుకుంది. "అత్తయ్యా, ఒక్క మాట..."

"మాట్లాడించకు. ఒత్తులు మర్చిపోతాను."

సినిమా మొదలైంది. అక్షరాలు పడ్డప్పుడల్లా అత్తగారు కూడబలుక్కుంటూ పైకి చదివింది. ఆమె పూర్తిచేసేదాకా లైబ్రరీ ఆయన బొమ్మ ఆపి ఉంచాడు. గదిలో ఒక్కరూ విసుక్కోలేదు. చివరి అక్షరాలు వచ్చాయి.

"స...ముద్రం... అతణ్ణి... తిరిగి... ఇవ్వలేదు."

అత్తగారు మళ్లీ చదివింది, ఈసారి మనసులో. కోడలు తల వంచుకుంది. బేకరీ ఆయన ముందుకు వంగాడు.

"అయితే పోయాడా?"

"పోయాడత్తయ్యా. మీరు ఆ మొదటి రోజు ఏడ్చి, అన్నం కూడా మానేశారని..."

"ఏడ్చింది సినిమాకే. అన్నం మానింది పన్ను నొప్పికి!"

బేకరీ ఆయన ఆపుకోలేక పకపకా నవ్వాడు. అత్తగారు మాత్రం కోడలి చెయ్యి పట్టుకుంది. "పిచ్చిదానా, అన్నేళ్లు ఆసుపత్రి దుప్పట్లు ఉతికాను. ఏ మంచం ఖాళీ అయిందో నాకు తెలియకపోయేదా? చావంటే నాకేం కొత్త?"

"మీరు పెట్టుకున్న దణ్ణాలు?"

"అవి ఎక్కడికి పోతాయే? ఆ వేళ సముద్రం మీద ఎవరో ఒకరు ఉండే ఉంటారు. వాళ్లకి అంది ఉంటాయి."

అప్పటికి కోడలి కళ్లలో నీళ్లు నిండాయి. అవి ఆగేదాకా అత్తగారు లేవకుండా కూర్చుంది. తర్వాత లైబ్రరీ ఆయన్ని పిలిచి, ఇంతకుముందు వేసినవన్నీ మళ్లీ వెయ్యాలంది. ఈసారి అసలు ముగింపులు తనే చదువుతుందట.

గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"ఏమే, మంచులో తప్పిపోయిన కుక్క ఒకటి ఉండేది. అది కూడా నీ చలవేనా?"

"లేదత్తయ్యా, ఒట్టు! అది నిజంగానే ఇల్లు చేరింది."

"అయితే ముందు దాన్నే వెయ్యమను."